కూర్చుని తింటే కొండలు కరుగుతాయా?

మా నాయనమ్మకు చదువు రాదు. కాని ఆమె నోట సామెత లేకుండా మాట వచ్చేది కాదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసే దగ్గర మొదలుపెడితే, రాత్రి ప్రార్థన చేసుకొని పడుకొనేదాకా ఏ పనికి ఆ పనికి తగిన మాట ఒకటి సిద్ధంగా ఉండేది. విచిత్రమేమిటంటే, ఏ సామెత చెప్పినా చివర సొలొమోను పేరు తగిలించేది. “అడగనిదే అమ్మయినా పెట్టదని సొలొమోను చెప్పిండు.” “నోరు మంచిదైతే ఊరు మంచిదయితదని సొలొమోను చెప్పిండు.” ఆమెను తప్పు పట్టడానికీ లేదు. మన తెలుగు బైబిలులో ఆ గ్రంథం పేరే ‘సామెతలు’. ఊళ్లో రచ్చబండ దగ్గర చెప్పుకొనేవీ సామెతలే, ఆదివారం అయ్యగారు చదివేవీ సామెతలే. రెండు పొలాల మధ్య గట్టు ఎక్కడుందో చదవరాని మనిషికి ఎట్లా తెలుస్తుంది?

ఆమె ఎక్కువగా చెప్పే మాట “కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అన్నది. నేను ఏడవ తరగతిలో ఉన్నప్పుడు పట్టుదలకొద్దీ సామెతల గ్రంథం 31 అధ్యాయాలూ తిరగేశాను. ఆ మాట ఎక్కడా లేదు. పెద్ద తప్పు కనిపెట్టినవాడిలా పరుగెత్తుకెళ్లి, “నాయనమ్మా, సొలొమోను ఆ మాట చెప్పనే లేదు” అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, “సొలొమోను మూడువేలు చెప్పిండని మొన్న అయ్యగారు చదవలేదా? అన్నీ రాసుకున్నరా ఏంది?” అంది. రాజుల మొదటి గ్రంథంలో ఆ లెక్క నిజంగానే ఉంది. ఆ తరువాత నేను వేదాంత విద్యలో డిప్లొమా పుచ్చుకున్నాను గాని, ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం ఈనాటికీ నా దగ్గర లేదు.

ఆ నాయనమ్మ మాటనే పట్టుకొని నేను ఒక సహోదరుణ్ణి గాయపరిచాను. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అతని అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

మేము నల్గొండ జిల్లా నుండి హైదరాబాదుకు వచ్చి, మాదాపూరు ప్రాంతంలో ఒక చిన్న సంఘాన్ని కాస్తున్నాము. మీలో చాలామంది హైటెక్ సిటీని ఫోటోల్లోనో, కొడుకునో కూతురునో చూడడానికి వచ్చినప్పుడో చూసి ఉంటారు. ఒకప్పుడు ఇదంతా బండరాళ్లు, తుమ్మచెట్లు ఉన్న చోటు. ఆ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు అని శాస్త్రజ్ఞులు చెబుతారు. పక్కనే ఉన్న దుర్గం చెరువు నీళ్లు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు వెళ్లేవట. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు ఇక్కడ సైబర్ టవర్స్ అనే పది అంతస్తుల గుండ్రటి భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత ఇరవై ఏళ్లలో ఆ భవనమే చిన్నదైపోయేటన్ని అద్దాల మేడలు లేచాయి. 2019లో మెట్రో రైలు వచ్చింది, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది.

దూరపు కొండలు నునుపు అంటారు. ఇక్కడికి వచ్చాక నాకు ఆ సామెత అర్థం తిరగబడింది. దగ్గరి కొండలనే నునుపుగా కోసి, అద్దాలు బిగించేశారు!

మాది రెండో అంతస్తులో అద్దె హాలు. ఆదివారం రెండు ఆరాధనలు. ఉదయం ఆరున్నరకు వచ్చేవారు వాచ్‌మెన్లు, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే అమ్మలు, మేస్త్రీలు, డ్రైవర్లు. రాత్రి డ్యూటీ దిగి కొందరు, పగటి డ్యూటీ ఎక్కబోతూ కొందరు. పదిన్నరకు వచ్చేవారు ఆ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు పని చేసే పిల్లలు. ఒకే భవనంలో పని చేసి, ఒకే మందిరానికి వచ్చి, ఒకరి ముఖం ఒకరు ఎరుగనివారు నా సంఘంలో ఉన్నారు. నాకు ఇది దుఃఖం. అయితే అది వేరే వ్యాసం.

మాటలకు మాత్రం ఈ చోట కరువు లేదు. ఆఫీసు గోడల మీద సూక్తులు, కాఫీ కప్పుల మీద సూక్తులు, బనియన్ల మీద సూక్తులు. రోడ్డు మీదికి వస్తే ఆటోల వెనక “నన్ను చూసి ఏడవకు” అని హెచ్చరికలు. తెల్లారితే ఫోనులో పువ్వుల బొమ్మ మీద ఒక మంచి మాట. అది ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు గాని, కింద ఎవరో ఒక గొప్పవారి పేరు మాత్రం ఉంటుంది. మా నాయనమ్మ సొలొమోను పేరు పెట్టినట్టే! “తనకు తాను సహాయం చేసుకునేవానికే దేవుడు సహాయం చేస్తాడు” అనే మాటను బైబిలు వచనమనుకొని నాకు పంపినవారు పదిమందికి తక్కువ ఉండరు. అది బైబిలులో లేదు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే పెద్దమనిషి 1736లో తన పంచాంగంలో అచ్చు వేశాడు, అంతకు ముందే అది జనం నోళ్లలో తిరుగుతోంది. బైబిలు చెప్పేది దాదాపు దానికి ఎదురు మాట. తనకు తాను ఏమీ చేసుకోలేని మనిషి కోసమే కదా ప్రభువు వచ్చింది.

నేనూ తక్కువ తినలేదు. రోజూ ఉదయం ఐదు గంటలకు ‘నేటి మాట’ అని సంఘస్థులందరికీ ఒక సామెత పంపేవాణ్ణి. నా ప్రసంగాల్లో సామెతలు ఎక్కువని పేరు కూడా వచ్చింది. పేరు వచ్చిందంటే ప్రమాదం దగ్గరికి వచ్చిందన్నమాట.

సామెతల మీద నా పిచ్చి డిప్లొమా చదివే రోజుల్లోనే ముదిరింది. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అనే ఆంగ్లేయ సైనికాధికారి మద్రాసులో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ అనే సంకలనం అచ్చు వేయించాడు. రెండువేలకు పైగా తెలుగు సామెతలు, వాటికి ఇంగ్లీషు అర్థాలు. యుద్ధం నేర్చిన మనిషి మన పల్లెల్లో అవ్వలూ తాతలూ అనుకునే మాటలను అంత ఓపికగా ఏరుకున్నాడంటే ఆశ్చర్యం వేసింది. సామెతల గ్రంథం 25వ అధ్యాయం మొదట్లోనూ ఇదే పని కనిపిస్తుంది. సొలొమోను గతించిన రెండు వందల ఏళ్ల తరువాత హిజ్కియా రాజు మనుషులు కూర్చుని ఆయన మాటలను ఎత్తి రాశారు. మాట ముందు నోట పుడుతుంది, చాలాకాలానికి గాని పుస్తకంలోకి ఎక్కదు.

ఆ సంకలనం చూసినప్పుడు రెండు సంగతులు నా కంటబడ్డాయి. ఒకటి, సామెతలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. “ఆలస్యం అమృతం విషం” అంటాం, “నిదానమే ప్రధానం” అనీ అంటాం. “కలిసి ఉంటే కలదు సుఖం” అన్న నోటితోనే “మంది ఎక్కువైతే మజ్జిగ పలచన” అంటాం. పెళ్లికి తొందరపడే పిల్లవాడి తండ్రి మొదటిది చెబుతాడు, పిల్ల తండ్రి రెండోది చెబుతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బైబిలులోనూ అంతే. సామెతలు 26వ అధ్యాయంలో మూర్ఖునికి జవాబు చెప్పవద్దని ఒక వచనం, చెప్పమని దాని వెంటనే మరో వచనం. డిప్లొమా పరీక్షలో ఈ రెండింటినీ సమన్వయపరచమని ప్రశ్న వచ్చింది. నేను మూడు పేజీలు రాసి ఆరు మార్కులు తెచ్చుకున్నాను. మా నాయనమ్మ అయితే, “ఎవడా మూర్ఖుడు? ముందు వాణ్ణి చూపియ్యి, అప్పుడు చెప్త” అని ఉండేది.

రెండో సంగతి చేదుగా ఉంటుంది. మన సామెతల్లో ఆడవారిని కించపరిచేవి, కులాల పేర్లు పెట్టి వెక్కిరించేవి చాలా ఉన్నాయి. వాటిలో మా వాడ గురించి అన్నవీ ఉన్నాయి. అవి నేను నాయనమ్మ నోట ఎన్నడూ వినలేదు, బడిలో విన్నాను. సామెత అంటే అందరి అనుభవం అని గొప్పగా అంటాం గాని, ఎవరో ఒకరు ఎవరినో చూసి అన్న మాటే అది. అన్నవాడు అరుగు మీద కూర్చుని అన్నాడా, కింద నిలబడి అన్నాడా అన్నది చూసుకోవాలి. ఇంత తెలిసినవాణ్ణే, ప్రసంగవేదిక కూడా ఒక అరుగే అన్న సంగతి మరిచిపోయాను.

2023లో ఒక ఆదివారం. పదిన్నర ఆరాధన. చీమను గూర్చి సామెతలు ఆరవ అధ్యాయంలో ఉన్న భాగం చదివి వాక్యం చెబుతున్నాను. హాలు నిండుగా ఉంది. ఉత్సాహం వచ్చి ఇట్లా అన్నాను: “కూర్చుని తింటే కొండలు కరుగుతాయని మా నాయనమ్మ చెప్పేది. మన మాదాపూరులో విచిత్రం చూడండి, కూర్చుని పని చేసినా కొండలు కరిగిపోయాయి!” అందరూ నవ్వారు. నవ్వు విన్నవాడికి ఇంకొంచెం నవ్వించాలని పుడుతుంది. “ఇంకా కొందరు సహోదరులున్నారు, బెంచి మీద కూర్చుని జీతం తీసుకుంటున్నారు. వారికి కొండ కరిగేదాకా తెలియదు. లేచి చీమ దగ్గరికి వెళ్లండి” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. మూడో వరుసలో కూర్చున్న ఒక యువకుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. నా మాట బాగా పేలిందనుకున్నాను.

పల్లెల్లో చదివేవారికి ఈ బెంచి సంగతి చెప్పాలి. సాఫ్ట్‌వేరు కంపెనీలో ఒక పని పూర్తయి మరో పని దొరికేదాకా మనిషిని ఖాళీగా ఉంచి జీతమిస్తారు. అట్లా ఉండడాన్ని బెంచి మీద ఉండడం అంటారు. వినడానికి సుఖంగానే ఉంటుంది. కాని ఆ బెంచికి కాళ్లు గట్టివి కావు. రోజులు గడిచేకొద్దీ భయం పెరుగుతుంది, చివరికి ఒక రోజు పిలిచి వెళ్లిపొమ్మంటారు. 2022 చివరి నుండి 2023 అంతా దేశదేశాల్లో కంపెనీలు ఉద్యోగులను తీసివేస్తున్న కాలం. నాకు పత్రికల్లో చదివి తెలుసు. తెలిసీ హాస్యమాడాను.

ఆ యువకుడు తరువాత మూడు ఆదివారాలు రాలేదు. నేనేమనుకున్నానో దాచకుండా చెబుతాను. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు” అనుకున్నాను. సామెత నోట్లో ఉంటే ఎదుటి మనిషి గురించి ఆలోచించే శ్రమ తప్పిపోతుంది.

నాలుగో ఆదివారం ఉదయం ఆరున్నర ఆరాధన అయ్యాక, ఒక ఆఫీసు గేటు దగ్గర పగటి కాపలా చేసే మా సంఘస్థుడు నా దగ్గరికి వచ్చాడు. ఆయన మాటకారి. “అయ్యగారూ, లిఫ్టు ఎంత పైకి తీసుకపోయినా పొద్దుగూకితే కిందికి దించుడే గద” అని ఓసారి నాతో అంటే, కార్ దొరగారు ఉంటే రాసుకొని ఉండేవాడనుకున్నాను. ఆ రోజు మాత్రం ఆయన మెల్లగా మాట్లాడాడు. “అయ్యగారూ, రెండో ఆరాధనకు వచ్చే ఆ సన్నటి తమ్ముడు లేడా, రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకొని మా గేటుకెదురు బస్టాపుల కూసుంటున్నడు. ఏ బస్సూ ఎక్కడు. సాయంత్రం ఆరింటికి లేచి పోతడు. నేను టీ తెచ్చి ఇస్తున్న, తాగుతున్నడు. ఏమీ అడగలే.”

ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లాను. అద్దె ఫ్లాటు. మనవరాలిని చూడడానికి ఊరి నుండి అతని తల్లి వచ్చి ఉంది. అప్పటికి రెండు రోజుల ముందే ఇంట్లో సంగతి బయటపడిందట. భార్య కళ్లు ఉబ్బి ఉన్నాయి. అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

“అయ్యగారూ, మీ మీద కోపం లేదు” అన్నాడు. “రెండు నెలలు బెంచి మీద ఉన్నాను. శుక్రవారం పిలిచి తీసేశారు. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, ఆదివారం ఆరాధన అయ్యాక ముందు మీతో చెప్పి, మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చి మీ ముందర చెబుదామనుకున్నాను. మీరు బెంచి మాట ఎత్తగానే, మీకు ఎవరో చెప్పేశారనుకున్నాను. అందరూ నా వైపే చూస్తారేమోనని గట్టిగా నవ్వాను.”

నా నోటికి వెంటనే మూడు సామెతలు వచ్చాయి. నమ్మండి, అటువంటి సమయంలో కూడా వచ్చాయి! మూడింటినీ టీతో కలిపి మింగేశాను. “నన్ను క్షమించు తమ్ముడూ” అన్నాను. ఇంకేమీ దొరకలేదు.

అప్పుడు వంటింటి గుమ్మంలో కూర్చున్న అతని తల్లి అందుకుంది. “ఏం బెంచి కొడుకా అది? కూసోబెట్టి జీతమిచ్చిన్రా నీకు? మీ నాయనకు ఒక్కనాడు అట్లాంటి బెంచి దొరకలే” అంది. కోడలు ఏడుస్తూనే నవ్వింది. ఆమె మళ్లీ అంది: “కలిమిలేములు కావడి కుండలంటరు గద. మీ నాయన ఇరవై ఏండ్లు హోటలుకు కావడి మోసిండు. నాకు తెలుసు ఆ కుండల సంగతి. భుజం కాయగాస్తే దించి పారేస్తడా? ఇంకో భుజం మీదికి మార్చుకుంటడు. అంతే. రేపటి సంది ఆ బస్టాపుల కూసోకు, ఇంట్ల కూసో. మాకు కనబడేటట్టు కూసో.”

ఆ గదిలో గాలి తేలికపడింది. నేనూ సామెతే చెప్పాను, ఆమే సామెతే చెప్పింది. నాది విని అతను మూడు వారాలు బస్టాపులో కూర్చున్నాడు, ఆమెది విని ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడు. ఆమె మాట వెనక కావడి మోసిన ఒక భుజం ఉంది. నా మాట వెనక మైకు ఉంది.

ఇంటికి వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టక బైబిలు తెరిచాను. మూర్ఖుల నోట సామెత ఎట్లా ఉంటుందో అదే 26వ అధ్యాయంలో రెండు పోలికలు ఉన్నాయి. పట్టులేక వేలాడే కుంటివాని కాళ్లు ఒకటి, తాగినవాని చేతిలో ముల్లు రెండోది. మార్కుల కోసం చదివినప్పుడు ఆ ముల్లు నాకు గుచ్చుకోలేదు. తరువాత యోబు గ్రంథం తిప్పాను. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచాకనే పాడయ్యారు. వారు చెప్పిన మాటల్లో అబద్ధాలు తక్కువ. విడిగా తీసి గోడకు తగిలిస్తే చాలా అందంగా ఉంటాయి. కాని ఆ మనిషికి, ఆ పూట, అవి బూడిద. యోబు వారితో ఆ సంగతి ముఖం మీదనే చెప్పాడు.

అప్పుడు నాయనమ్మ గుర్తుకు వచ్చింది. “కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని ఆమె ఎప్పుడు అనేది? ఎవరితో అనేది? ఎంత ఆలోచించినా, మా తాతను అన్నట్టు గాని, పనికి పోని మా చిన్నాన్నను అన్నట్టు గాని జ్ఞాపకం రాలేదు. చిన్నాన్న నాలుగేళ్లు ఖాళీగా తిరిగాడు, ఆమె అన్నం పెట్టి ఊరుకుంది. ఆ మాట ఆమె మధ్యాహ్నం ఎండలో, గోడకు చేయి ఆనించి, మోకాళ్లు పట్టేసి లేవలేక లేస్తూ, కొంగు నడుముకు చుట్టి కొడవలి అందుకుంటూ అనేది. తనతో తానే అనుకునేది. పక్కన ఆడుకుంటున్న నేను విన్నాను, అంతే. ఆమె తన మోకాళ్లకు చెప్పుకున్న మాటను నేను తీసుకెళ్లి ఉద్యోగం పోయినవాని మీద వేశాను.

మరుసటి ఆదివారం రెండు ఆరాధనల్లోనూ నేను చేసిన తప్పు చెప్పాను. అతని సంగతి, పేరు చెప్పలేదు. నా హాస్యం వల్ల ఒక కుటుంబం నొచ్చుకుందని మాత్రం చెప్పి క్షమాపణ అడిగాను. ‘నేటి మాట’ పంపడం మానేశాను. ఎవరూ ఎందుకు మానేశారని అడగకపోవడం కొంచెం చిన్నతనంగా అనిపించింది, అది వేరే సంగతి. పొద్దున ఐదు గంటలకు ఇప్పుడు ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి ఎట్లా ఉన్నారని అడుగుతున్నాను. ఐదింటికి ఫోనేమిటని మా ఇంట్లో కోప్పడితే ఏడింటికి మార్చాను.

ఆ సహోదరునికి ఏడు నెలలకు వేరే చోట ఉద్యోగం దొరికింది. జీతం మునుపటికంటే తక్కువ. ఆ ఏడు నెలల్లో ఇల్లు గడవడానికి భార్య చీరల అంచులు కుట్టింది. ఉదయం ఆరున్నర ఆరాధనకు వచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లలకు అతను సాయంత్రాలు లెక్కలు చెప్పాడు. గేటు దగ్గరి అన్న పంపిన పిల్లలే వారు. ఇప్పుడూ చెబుతున్నాడు.

తల్లి ఊరికి వెళ్లి, మళ్లీ సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మందిరానికి వచ్చింది. ఆరాధన అయ్యాక గోనెసంచిలో నుండి పెద్ద బూడిద గుమ్మడికాయ తీసింది. “మీ ఇంట్ల అమ్మగారికి ఒడియాలకు, అయ్యగారూ” అని నా చేతుల్లో పెట్టింది. బరువుగా ఉండి, భుజానికి ఎత్తుకొని మెట్లు దిగుతున్నాను. నా నీలం చొక్కా భుజమంతా తెల్లటి పొడి అంటింది. కింద చెప్పులు వేసుకుంటున్న మా సంఘపెద్ద తలెత్తి చూసి, “అయ్యగారూ, భుజం తడుముకోకండి, అందరూ చూస్తున్నారు!” అన్నాడు. ఆ యువకుడు నా వెనకనే మెట్లు దిగుతున్నాడు. ఈసారి అతను నవ్విన నవ్వు వేరుగా ఉంది. కాయను నా భుజం మీది నుండి తీసుకొని, తన భుజానికి ఎత్తుకున్నాడు.